పాలిథిన్ కవర్ల కరిగింపు: ఇంట్లో ఎంతవరకు?

వాడేసిన పాలిథిన్ కవర్లను కడిగి, ఆరబెట్టి, వేడితో మెత్తబరచి, ఒత్తి కొత్త వస్తువులుగా మలచుకునే పని ఇటీవలి దశాబ్దాల్లో చాలా దేశాల్లో ఇళ్లలోకి వచ్చింది. ఇస్త్రీ పెట్టెతో కవర్లను పొరలుగా అతికించి పర్సులు, పుస్తకాల అట్టలు కుట్టేవారున్నారు. ఓవెన్‌లో ముద్ద చేసి బల్లపలకలు, మొక్కల కుండీలు పోసేవారున్నారు. ఇసుకతో కలిపి కాలిబాట మీద పరిచే పలకలు చేసేవారూ ఉన్నారు. చూడ్డానికి పని తేలిక: పాలిథిన్ వంటింటి వేడికే కరుగుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, మళ్లీ వేడిచేస్తే మళ్లీ కరుగుతుంది. చిక్కంతా ఆ వేడి దగ్గరే ఉంది. ఏరడం, కడగడం, ఆరబెట్టడం ఏ యంత్రం కన్నా ఇల్లు బాగా చేయగలదు. వేడిని ఒక హద్దులో నిలపడం మాత్రం ఇంటికి చేతకాదు. ఈ రెండింటినీ విడదీసి చూస్తే ఏ పద్ధతి ఇంట్లో చేయదగ్గదో, ఏది పేటకొక పనిశాలకు అప్పగించాలో, ఏది ఎవరూ చేయకూడదో తేలుతుంది.

పాలిథిన్ 1933 మార్చిలో ఇంగ్లండులోని ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో అనుకోకుండా పుట్టింది. ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు ఎథిలీన్ వాయువును విపరీతమైన పీడనానికి గురిచేసి చూస్తుండగా పాత్రలో తెల్లటి మైనం లాంటి పదార్థం మిగిలింది. అలా అధిక పీడనంతో తయారయ్యే రకంలో అణువుల గొలుసులకు కొమ్మలుంటాయి, అవి దగ్గరదగ్గరగా సర్దుకోలేవు. అందుకే అది మెత్తగా సాగుతుంది, 105 నుంచి 115 డిగ్రీల సెల్సియస్ మధ్యనే కరుగుతుంది. ఇది ఎల్‌డీపీఈ. 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ ఉత్ప్రేరకాల సాయంతో తక్కువ పీడనంలోనే కొమ్మలు లేని తిన్నని గొలుసులు తయారుచేసే దారి చూపాడు. ఈ రంగంలో కృషికి ఆయనకూ ఇటలీ శాస్త్రజ్ఞుడు జూలియో నట్టాకూ కలిపి 1963లో నోబెల్ బహుమతి వచ్చింది. తిన్నని గొలుసులు ఒత్తుగా సర్దుకుంటాయి కాబట్టి హెచ్‌డీపీఈ బిరుసుగా ఉంటుంది, కరగడానికి 130 డిగ్రీల దాకా వేడి కావాలి. రెండు చెవుల చేతిసంచి ఆకారం స్వీడన్‌లోని సెల్లోప్లాస్ట్ కంపెనీకి స్టెన్ గుస్తాఫ్ థూలిన్ రూపొందించినది, దానికి 1965లో పేటెంటు వచ్చింది. మన బజారులో గలగలమని చప్పుడు చేసే పల్చని కూరగాయల కవరు సాధారణంగా హెచ్‌డీపీఈ జాతిది. వ్యాపారులు దాన్ని హెచ్‌ఎం అంటారు. చప్పుడు లేకుండా మెత్తగా ఉండి, లాగితే సాగే కవరు ఎల్‌డీ. పాల ప్యాకెట్టు కూడా ఎల్‌డీ కుటుంబంలోదే.

ఇంట్లో కరిగించాలన్న ఆలోచన ఎందుకు పుట్టిందో తెలియాలంటే పాత సామాన్ల కొట్టులో పల్చని కవరుకున్న విలువ చూడాలి. ఎనిమిది గ్రాముల కవర్లు కిలో తూగాలంటే నూట ఇరవై అయిదు ఏరాలి. పగిలిన బకెట్టు ఒక్కటి దొరికితే ఆ బరువు వచ్చేస్తుంది. చెత్త ఏరుకుని బతికేవారు బకెట్టు తీసుకుని కవర్లను వదిలేయడంలో తప్పేమీ లేదు, వారి కూలి అలా లెక్క కడుతుంది. మన దేశంలో సంచుల మందంపై నిబంధన పెరుగుతూ రావడానికి కారణం కూడా ఇదే. 1999లో 20 మైక్రాన్లుగా ఉన్న కనీస మందం 2011లో 40, 2016లో 50 అయింది. 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు చేశారు. మందం పెరిగితే కొట్టువారు ఉచితంగా ఇవ్వడానికి వెనకాడతారు, ఏరేవారికి గిట్టుబాటవుతుంది. నిబంధన కాగితం మీద ఇలా ఉన్నా పల్చని కవర్లు బజారు నుంచి పోలేదు. అవి కాల్వల్లోకి, చెరువుల్లోకి, పశువుల కడుపుల్లోకి చేరుతున్నాయి. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ ఆవులకు శస్త్రచికిత్స చేయించి కడుపుల్లోంచి కవర్ల ముద్దలు బయటికి తీయించింది, 2012లో సుప్రీంకోర్టు తలుపు తట్టింది. 2017లో గేయర్, జాంబెక్, లా అనే ముగ్గురు పరిశోధకులు ప్రచురించిన లెక్క ప్రకారం 2015 నాటికి ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ వ్యర్థంలో మళ్లీ వాడుకలోకి వచ్చింది 9 శాతమే. 79 శాతం చెత్తదిబ్బల్లోనో బయటి పరిసరాల్లోనో ఉండిపోయింది. ఎవరూ కొనని వస్తువును ఎవరికి వారు ఇంట్లోనే కరిగించుకోవాలనుకోవడం ఈ పరిస్థితిలో సహజం.

ఏరడంతో పని మొదలవుతుంది. ఫలితంలో ముప్పాతిక భాగం ఇక్కడే తేలిపోతుంది. కవర్లన్నీ ఒకేలా కనిపించినా ఒకే పదార్థం కావు. గుడ్డ అనుకుని ఇంటికి తెచ్చుకునే నాన్‌వోవెన్ సంచి నిజానికి పాలీప్రొపిలిన్; 160 డిగ్రీలు దాటితే గాని కరగదు, కరిగినా పాలిథిన్‌తో సరిగా కలవదు. చిప్స్ ప్యాకెట్టు రెండు మూడు రకాల పొరలు, మధ్యలో అల్యూమినియం పూతతో తయారవుతుంది, దాన్ని విడదీయడం ఇంట్లో సాధ్యం కాదు. మొక్కజొన్న పిండి లాంటి పదార్థాలతో చేసే కంపోస్టు సంచులు ముద్దలో కలిస్తే పలక పెళుసు బారుతుంది. నల్ల కవర్లు చాలావరకు రకరకాల పాత ప్లాస్టిక్‌ను కలిపి చేసినవి, వాటిలో ఏముందో చూసి చెప్పలేం. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది పీవీసీ విషయంలో. దుప్పట్లు, దిండ్లు అమ్మే మందపాటి పారదర్శక సంచులు, బల్లల మీద పరిచే షీట్లు తరచు పీవీసీవే. పాలిథిన్ మెల్లగా మెత్తబడే వేడి దగ్గరే పీవీసీ విడిపోవడం మొదలై హైడ్రోజన్ క్లోరైడు ఆవిరి వదులుతుంది. అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, లోహపు పనిముట్లను తినేస్తుంది. వీటిని పట్టుకోవడానికి ఇంట్లో చేయగల పరీక్ష నీళ్ల బకెట్టు. పాలిథిన్ సాంద్రత నీటికన్నా తక్కువ కాబట్టి తేలుతుంది, పీవీసీ మునుగుతుంది. గాలి బుడగలు పట్టుకుని పీవీసీ ముక్క కూడా తేలినట్టు కనిపించవచ్చు, అందుకే నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు చుక్క వేసి, ముక్కను ముంచి వదలాలి. పాలీప్రొపిలిన్ కూడా తేలుతుంది. దాన్ని తాకి, చూసి వేరు చేయాల్సిందే. ఈ తూకాలన్నీ చూసుకుంటే ఇంటికి దొరికే ముడిసరుకులో పాల ప్యాకెట్టును మించింది లేదు. రకం తెలుసు, మందం తెలుసు, రోజూ ఒకేలాంటిది వస్తుంది. మూల పూర్తిగా కత్తిరించేయకుండా చిన్న గాటు పెట్టి పాలు పోసుకుంటే ఆ చిన్న ముక్క కూడా కాల్వపాలు కాదు.

కడగడం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు గాని ఆరబెట్టడం గురించి ఉంది. పాలిథిన్ నీటిని పీల్చుకోదు, కానీ మడతల్లో నిలిచిన చుక్క వేడికి ఆవిరై పలకలో బుడగగా మిగులుతుంది. అక్కడే తర్వాత పగులు వస్తుంది. పాల జిడ్డు, కూరల నూనె, పసుపు మరక మిగిలితే అవి మాడి వాసన, రంగు తెస్తాయి, పొరలు అతుక్కోకుండా అడ్డుపడతాయి. అందుకే కవరును రెండువైపులా తెరిచి, సబ్బునీళ్లతో కడిగి, తిరగేసి ఆరవేయాలి. అంటించిన కాగితపు చీటీలు, పిన్నులు, టేపు ముక్కలు ఉన్న చోటు కత్తిరించి పారేయడమే మేలు.

ఇంట్లో చేయదగ్గ కరిగింపు పద్ధతుల్లో ఇస్త్రీ పెట్టెతో పొరలు అతికించడం ముందు వరుసలో నిలుస్తుంది, ఎందుకంటే ఇక్కడ వేడికి హద్దు ఉంది. కవరు చెవులు, అడుగు అతుకు కత్తిరించి చదునైన పల్చని గుడ్డలా పరుస్తారు. అక్షరాలు, బొమ్మలు ఉన్న వైపు లోపలికి వచ్చేలా ఆరు నుంచి ఎనిమిది పొరలు పేరుస్తారు. రంగు ముద్ర పైకి ఉంటే కాగితానికి అంటుకుని పాడవుతుంది. కింద ఒకటి, పైన ఒకటి బేకరీవారు వాడే జిడ్డు అంటని కాగితం వేసి, ఆవిరి ఆపేసిన ఇస్త్రీ పెట్టెను మధ్య నుంచి అంచులకు నెమ్మదిగా, ఎక్కడా నిలపకుండా నడుపుతారు. ఇస్త్రీ పెట్టెల మీద ఒక చుక్క గుర్తుకు సుమారు 110 డిగ్రీలు, రెండు చుక్కలకు 150, మూడింటికి 200 డిగ్రీలు గరిష్ఠం అని అంతర్జాతీయంగా ఒప్పుకున్న ప్రమాణం. పాలిథిన్‌కు రెండు చుక్కల మెట్టు చాలు. వేడి తక్కువైతే పొరలు విడిపోతాయి, ఎక్కువైతే ముందు అంచులు ముడుచుకుంటాయి, తర్వాత నడుమ చిల్లులు పడతాయి. కాగితం తీసే ముందు పూర్తిగా చల్లారనివ్వాలి, వేడి మీద తీస్తే పలక వంకరపోతుంది. సరిగ్గా వచ్చినప్పుడు అది తోలులా మందంగా, కుట్టు మిషను సూది దిగేంత మెత్తగా ఉంటుంది. పర్సులు, పెన్నుల సంచులు, పుస్తకాల అట్టలు దాంతో బాగా వస్తాయి. బొగ్గుల ఇస్త్రీ పెట్టె దీనికి పనికిరాదు. దాని వేడి ఎంతో, ఎప్పుడు తగ్గుతుందో తెలియదు, వేడిని ఒకచోట ఆపే సాధనమూ అందులో ఉండదు. కిటికీలు తెరిచి, వీలైతే వరండాలో చేసే ఈ పనిలో పొగ రాకూడదు. పొగ కనిపించిందంటే వేడి హద్దు దాటినట్టే.

ఢిల్లీలో అనితా అహూజా, ఆమె భర్త శలభ్ అహూజా 1998లో ప్రారంభించిన కన్సర్వ్ ఇండియా ఈ పొరల పద్ధతినే వృత్తిగా మార్చింది. ఏరేవారి నుంచి కొన్న కవర్లను కడిగి, రంగుల వారీగా విడదీసి, యంత్రంతో వేడిగా ఒత్తి మందపాటి పలకలు చేసి, వాటితో చేతిసంచులు కుట్టి విదేశాలకు అమ్మింది. బయటి నుంచి రంగు వేయలేదు, కవరు రంగే నమూనాకు రంగైంది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ సంచికి ధర పలికింది వేడి వల్ల కన్నా ఏరిన చేతుల వల్ల. రంగు, రకం, మందం ఒక్కటిగా ఉన్న కవర్లు ఒక్కచోట చేరితేనే యంత్రం ఏదైనా చేయగలుగుతుంది.

మందపాటి వస్తువులకు ఓవెన్ వాడతారు. థర్మోస్టాట్ ఉన్న చిన్న కరెంటు ఓవెన్‌లో 150 నుంచి 170 డిగ్రీల మధ్య, లోహపు పళ్లెంలో కత్తిరించిన ముక్కలు వేసి, మెత్తబడగానే మరికొన్ని వేస్తూ, చివర చెక్కల మధ్య బిగించి చల్లారబెడతారు. చల్లారేటప్పుడు పాలిథిన్ గణనీయంగా కుదించుకుపోతుంది, బిగింపు లేకపోతే పలక నడుమ లోపలికి గుంట పడుతుంది. ఈ పనికి వాడిన ఓవెన్‌లో మళ్లీ తిండి వండకూడదు, అంటే దీనికోసం వేరే ఓవెన్ ఉండాలి. మైక్రోవేవ్ ఓవెన్ ఎందుకూ పనికిరాదు: పాలిథిన్ ఆ తరంగాలను దాదాపు పీల్చుకోదు, దానికి అంటిన తడి, తిండి మరకలు మాత్రమే వేడెక్కి అక్కడక్కడ మాడతాయి. పరిమాణం లెక్క కూడా చూడాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, సెంటీమీటరు మందం ఉన్న పలకకు సుమారు 830 గ్రాముల పాలిథిన్ కావాలి. ఎనిమిది గ్రాముల కవర్లయితే నూటికి పైగా. రెండున్నర గ్రాముల అర లీటరు పాల ప్యాకెట్లయితే మూడు వందల ముప్పై, అంటే రోజుకు రెండు ప్యాకెట్లు వాడే ఇంటికి అయిదున్నర నెలల పోగు. ఈ పద్ధతి ఇంటి చెత్తను ఒక్క ఊపులో మాయం చేస్తుందన్న ఆశ ఈ లెక్కతో తగ్గుతుంది. మరోవైపు, ఒక ఇంటి పాల ప్యాకెట్లన్నీ ఏడాదికి రెండు పీట పలకలుగా మారగలవన్న మాటా ఈ లెక్కలోంచే వస్తుంది. ఇది చిన్న విషయమేమీ కాదు.

అసలు ప్రమాదం గ్యాస్ పొయ్యి మీద మూకుడు పెట్టి అందులో కవర్లు వేయడంలో ఉంది. మన ఇళ్లలో ఓవెన్ కన్నా పొయ్యే ఎక్కువ కాబట్టి చాలామంది చేతికి ముందుగా తగిలే పద్ధతి ఇదే. పాలిథిన్ వేడిని చాలా నెమ్మదిగా లోపలికి పంపుతుంది, సాధారణ లోహాలతో పోలిస్తే వందో వంతు కన్నా తక్కువగా. కరిగాక కూడా చిక్కని ముద్దగానే ఉంటుంది, అడుగున వేడెక్కిన భాగం పైకి రాదు. దాంతో పైన ఇంకా ముడతలు పడిన కవరు కనిపిస్తుండగానే అడుగు మాడడం మొదలవుతుంది. పైది కరగలేదని మంట పెంచితే అడుగు 300 డిగ్రీలు దాటిపోవచ్చు. సుమారు 200 డిగ్రీల నుంచే గాలిలోని ఆక్సిజన్ పాలిథిన్ గొలుసులను తెంపడం మొదలుపెడుతుంది. ఫార్మాల్డిహైడు, అక్రోలిన్ లాంటి ఆవిర్లు వస్తాయి. మాడిన నూనె పొగలో కళ్లను మండించేది అక్రోలినే. వేడి ఇంకా పెరిగితే కార్బన్ మోనాక్సైడు తోడవుతుంది, 350 డిగ్రీల దరిదాపుల్లో ముద్ద తనంతట తానే అంటుకుంటుంది. అంటుకున్న ముద్ద మీద నీళ్లు పోస్తే మండుతున్న చుక్కలు చింది పడతాయి, కాబట్టి పొయ్యి ఆపి మూతతో కప్పేయాలి. కరిగిన పాలిథిన్ చర్మం మీద పడితే జారిపోదు, అతుక్కుని వేడిని లోపలికి దింపుతూనే ఉంటుంది. దాన్ని పీకకూడదు, కాలిన చోటును ఇరవై నిమిషాలపాటు కుళాయి నీటి ధార కింద ఉంచి, ముద్దను అలాగే ఉంచి వైద్యుల దగ్గరికి వెళ్లాలి.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. అదే మూకుడులో, అదే మంట మీద గారెలు వేయిస్తాం కదా, నూనె 180 డిగ్రీలకు చేరుతుంది కదా, ఇంటి మనిషికి ఆ వేడి అలవాటే కదా అని. నూనె పల్చగా ఉంటుంది, వేడెక్కిన భాగం పైకి లేచి చల్లటి భాగం కిందికి దిగుతూ మొత్తం ఒకే వేడికి వస్తుంది. నూనె సంగతి వంట చేసే మనిషికి కంటితో, ముక్కుతో తెలుస్తుంది. పాలిథిన్ ముద్దలో ఆ కలియబెట్టు జరగదు, దాని వేడి కంటికి తెలియదు. ముక్కుకు తెలిసేసరికి హద్దు దాటిపోయి ఉంటుంది. ఇంకో అభ్యంతరం మరికాస్త బలమైంది: ఫ్యాక్టరీల్లో పాలిథిన్‌ను 160 నుంచి 200 డిగ్రీల వద్ద రోజంతా కరిగిస్తూనే ఉంటారు, అక్కడ జరిగేది ఇంట్లో జరిగితే తప్పేమిటి అని. ఫ్యాక్టరీ ఎక్స్‌ట్రూడరు ఒక మూసిన గొట్టం. అందులో తిరిగే మరసీల వల్ల ముద్ద నలిగి తనలోనే వేడి పుట్టించుకుంటుంది, గొట్టంలోకి గాలి చొరబడదు, ముద్ద లోపల ఉండేది కొద్ది నిమిషాలే, గొట్టం పొడవునా ఒక్కో భాగానికి విడిగా వేడిని కొలిచే సాధనం ఉంటుంది, ముడిసరుకులో ఆక్సీకరణను అడ్డుకునే మందులు ముందే కలిపి ఉంటాయి. ఇంటి మూకుడులో వీటిలో ఒక్కటీ లేదు. వేడి అంకె ఒకటే కావచ్చు, పని ఒకటి కాదు.

పేదవారి వైపు నుంచి వచ్చే అభ్యంతరాన్ని మరింత గౌరవంతో వినాలి. యంత్రాలు, ఓవెన్లు కొనలేనివారు ఏం చేయాలి? ఆఫ్రికాలో దీనికి ఒక సమాధానం పుట్టింది. కామెరూన్‌లో పియర్ కంసులూమ్ ఇనుప పీపాలో ఎల్‌డీ కవర్లను కరిగించి ఇసుక కలిపి, అచ్చుల్లో ఒత్తి నేలపలకలు తయారుచేశాడు. బ్రిటన్‌లోని వేస్ట్‌ఎయిడ్ సంస్థ ఆ విధానాన్ని 2017లో మార్గదర్శినిగా ప్రచురించింది. ఇసుక కలిపితే కుదింపు తగ్గుతుంది, పలకకు బరువు, గట్టిదనం వస్తాయి, సిమెంటు ఖర్చు తప్పుతుంది. కెన్యాలో న్జాంబీ మాటీ స్థాపించిన గ్జెంగే మేకర్స్ ఇసుక, ప్లాస్టిక్ కలిపి ఇటుకలు చేస్తోంది, ఆమెకు 2020లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం పురస్కారం ఇచ్చింది. చెత్త తీసే వ్యవస్థే లేని ఊళ్లకు ఈ పలకలు నిజంగా మేలు చేశాయి, ఉపాధి ఇచ్చాయి. ఇందులో సందేహం లేదు. అయితే ఈ పని పీపాలో, కట్టెల మంట మీద, ఊరి బయట, చేతి తొడుగులు, ముసుగులు వేసుకుని, శిక్షణ పొందినవారు చేసేది. ఈ ఉదాహరణ నుంచి వంటగది పొయ్యి మీదికి దూకడానికి ఆధారం లేదు. పేదవారి ఊపిరితిత్తులకు వేరే హద్దులు ఉండవు. తక్కువ ఖర్చు పద్ధతి అంటే కాపాడుకునే సాధనాలు తీసేసిన పద్ధతి అని అర్థం రాకూడదు.

కరిగించకపోతే వీధి చివర తగలబెడతారు, అది ఇంకా చెడు కదా అన్నది మరో వాదం. నిజమే. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో అల్మిత్రా పటేల్ కేసులో బహిరంగంగా చెత్త తగలబెట్టేవారికి 5,000 రూపాయలు, పెద్దఎత్తున తగలబెడితే 25,000 రూపాయలు జరిమానా విధించాలని ఆదేశించినా తెల్లవారుజామున చెత్తకుప్పల పొగ చాలా పట్టణాల్లో ఇంకా లేస్తూనే ఉంది. 150 డిగ్రీల వద్ద శుభ్రమైన పాలిథిన్‌ను మెత్తబరచడానికీ, కలగలిసిన చెత్తను మంటలో పడేయడానికీ పోలిక లేదు, మొదటిది ఎంతో మెరుగు. కానీ మన ముందున్నవి ఈ రెండే కావు. కడిగి, ఆరబెట్టి, రకాల వారీగా కట్టలు కట్టిన కవర్లకు ఎక్కడో ఒక చోట గిరాకీ ఉంటుంది. హైదరాబాదు కాటేదాన్ పారిశ్రామిక వాడలో పాత ప్లాస్టిక్‌ను గుళికలుగా మార్చే పనిశాలలు ఉన్నాయి. అక్కడి వ్యాపారి కవర్లను వద్దనడానికి సాధారణ కారణాలు మురికి, తడి, కలగాపులగం. ఆ మూడు లోపాలనూ తీయగల చోటు ఇల్లే. ఒక అపార్టుమెంటులో నలభై ఇళ్లు పాల ప్యాకెట్లను కడిగి పెడితే నెలకు అయిదారు కిలోలు ఒకే రకం సరుకు చేరుతుంది. ఇదే సరుకు నలభై మూకుళ్లలో విడివిడిగా మాడడం కన్నా ఒక చోటికి చేరి, వేడి కొలత ఉన్న యంత్రంలో కరగడం ఎంతో నయం.

ఆ ఒక చోటు పెద్ద ఫ్యాక్టరీయే కానక్కర లేదు. నెదర్లాండ్స్‌కు చెందిన డేవ్ హకెన్స్ 2013లో ఐందోవెన్ డిజైన్ విద్యాలయంలో చదువు ముగింపు ప్రాజెక్టుగా ప్రారంభించిన ప్రెషస్ ప్లాస్టిక్ తురుము యంత్రం, ఎక్స్‌ట్రూడరు, అచ్చులోకి ఒత్తే యంత్రం, బిగింపు ఓవెన్‌ల నమూనా పటాలను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఇచ్చింది. వెల్డింగు షాపువారు చేయగల యంత్రాలవి. మనకు సాంకేతిక సలహా కూడా దూరంలో లేదు. 1968లో చెన్నైలో ఏర్పడిన కేంద్ర ప్లాస్టిక్స్ విద్యాసంస్థ సిపెట్‌కు హైదరాబాదులో, విజయవాడలో కేంద్రాలున్నాయి. ఉమ్మడిగా చేసిన కరిగింపు ఎంత దూరం పోగలదో మదురైలో త్యాగరాజర్ ఇంజనీరింగ్ కళాశాల ఆచార్యుడు రాజగోపాలన్ వాసుదేవన్ చూపించారు. రోడ్డుకు వాడే కంకరను సుమారు 160, 170 డిగ్రీలకు వేడిచేసి, తురిమిన కవర్లను దాని మీద చల్లితే పాలిథిన్ మాడకుండా ప్రతి రాయికీ పల్చని పూతలా పట్టుకుంటుంది, ఆపైన తారు కలుపుతారు. రాయి వేడి ముందే తెలిసి ఉంది, ప్లాస్టిక్ పొర పల్చన, మంట నేరుగా తగలదు. వేడి గురించి ఇంట్లో రానివన్నీ అక్కడ కుదిరాయి. కేంద్ర రహదారుల శాఖ 2015లో పట్టణాల దగ్గరి రోడ్లకు ఈ పద్ధతిని సూచించింది, వాసుదేవన్‌కు 2018లో పద్మశ్రీ వచ్చింది. రోడ్డు అరిగే కొద్దీ సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు మట్టిలోకి పోతాయేమో అన్న అనుమానం న్యాయమైనదే, దాన్ని తేలిగ్గా తీసేయలేం. అయినా వేడిని అదుపులో పెట్టిన విధానంగా అది చూడదగ్గది.

కరెంటు ఖర్చు ఎక్కువ కాబట్టి ఈ పనే వృథా అనేవారికి జవాబు లెక్కలో ఉంది. కిలో పాలిథిన్‌ను 150 డిగ్రీలకు తేవడానికి నిజంగా కావలసిన శక్తి యూనిట్‌లో ఆరో వంతు కూడా కాదు. గంటసేపు నడిచే చిన్న ఓవెన్ దానికి ఎన్నో రెట్లు తాగుతుంది, అయినా కొత్తగా కిలో పాలిథిన్ తయారుచేయడానికి, అందులో చేరిన చమురు శక్తితో కలిపి పట్టే 70 మెగాజౌళ్లకు పైబడిన శక్తి ముందు అది తక్కువే. షరతు ఒక్కటే: చేసిన వస్తువు కొనాల్సిన మరో వస్తువును మాన్పించాలి. ఇంట్లో ఎవరూ వాడని ప్లాస్టిక్ బొమ్మ చేస్తే కవరు రూపం మారి అలమారలో కూర్చుంటుంది, అంతే. పీట, కుండీ, గొడుగుల స్టాండు, పుస్తకం అట్ట లాంటివి ఆ షరతు నెరవేరుస్తాయి.

చేసిన వస్తువు దేనికి పనికిరాదో కూడా తెలియాలి. 2016 ప్లాస్టిక్ నిబంధనలు పాత ప్లాస్టిక్‌తో చేసిన వస్తువులను వండిన తిండి, తాగే పానీయాల కోసం వాడరాదన్నాయి. తర్వాత అనుమతులు వచ్చినా అవి శుద్ధి, పరీక్ష జరిగే పరిశ్రమల సరుకుకు సంబంధించినవి, ఇంటి పలకకు వర్తించవు. కాబట్టి పళ్లెం, గ్లాసు, ఊరగాయ జాడీ మూత చేయకూడదు. పాలు పోసిన ప్యాకెట్టుతో చేసినా సరే, ముద్రణ రంగులు, మాడిన ముక్కలు అందులో చేరాయి. వేడి గిన్నె కింద పెట్టే పీటగా వాడితే మెత్తబడుతుంది. ఎండలో పెడితే మరో సమస్య. అతినీలలోహిత కిరణాలను తట్టుకునే మందులు లేని పాలిథిన్ మన ఎండలకు కొన్ని నెలల్లో తెల్లబారి, పెళుసై, పొడి రాల్చడం మొదలుపెడుతుంది. ఆ పొడి మట్టిలో కలిస్తే కవరుకన్నా ఏరడం కష్టం. పలకను రంపంతో కోసినా, ఉప్పుకాగితంతో రుద్దినా వచ్చే పొట్టును కింద గుడ్డ పరిచి పట్టుకుని తర్వాతి ముద్దలో వేసేయాలి, ఊడ్చి కాల్వలో వేయకూడదు.

ఆఖరున ఆ వస్తువు పాతబడ్డాక ఏమవుతుందో చూడాలి. ఇసుక కలిపిన నేలపలక మళ్లీ ప్లాస్టిక్ కాలేదు, దాని దారి అక్కడితో ఆగిపోతుంది. పాలిథిన్ మాత్రమే ఉన్న పలక, ఒకే రకం కవర్లతో చేసినదైతే, ఇంకోసారి తురిమి కరిగించవచ్చు. కరిగిన ప్రతిసారీ గొలుసులు కొంత చెడినా పీటకో, కుండీకో సరిపడే బలం మిగులుతుంది. అందుకు వస్తువు చేసేటప్పుడే దాని అడుగున త్రికోణంలో రకం అంకె ముద్రించాలి: పాల ప్యాకెట్లు, మెత్తని ఎల్‌డీ కవర్లయితే 4, గలగలలాడే హెచ్‌ఎం కవర్లయితే 2. రెండూ కలిపిన పలక మీద ఈ రెండంకెల్లో ఏదీ వేయకూడదు. రంగులు కలిసి, ఆకారం మారిన పలకను చూసి అది ఏ రకమో పాత సామాన్లు కొనే మనిషి చెప్పలేడు, అనుమానం వస్తే పక్కకు పెట్టేస్తాడు. అడుగున 4 కనిపిస్తే ఎల్‌డీ గుట్టలో వేసి తూకం వేస్తాడు.